ఆపిల్ కొమ్మ మీద పుండు, మామిడి కొమ్మ మీద జిగురు

(ఉలవపాడులో మామిడి, నిమ్మ రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినబడుతోందా? చెట్టు కింద నిలబడినవాళ్ళు కూడా లోపలికి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను పిలవడానికి వచ్చిన కుర్రాళ్ళు, "సార్, మీరు ఉద్యోగమంతా హిమాచల్‌లో ఆపిల్ తోటల్లోనే చేశారు కదా, ఆ తెగుళ్ళ సంగతి చెప్పండి" అన్నారు. మా ఇంటావిడ విని నవ్వింది. "ఉలవపాడు పోయి ఆపిల్ గురించి చెప్తారా? కొత్తపట్నం బెస్తోళ్ళకి ఒంటెల గురించి చెప్పినట్టుంటది" అంది. ఆమె మాట కొట్టిపారేయలేను. మన ఎండకి ఆపిల్ చెట్టు పెట్టినా ఏం లాభం, దానికి చలికాలం నిద్ర కావాలి. అయితే ఆపిల్ కొమ్మ మీద పుండు చేసే బూజుల్లో ఒక కుటుంబం ఉంది. ఆ కుటుంబంవాళ్ళు మీ బంగినపల్లి చెట్టులో కూడా కాపురం ఉంటున్నారు. అందుకని ఒప్పుకున్నాను. ఆ సంగతికి వచ్చేలోపు కాసేపు మిమ్మల్ని కొండలెక్కిస్తాను, ఓపిక పట్టండి.

ముందు మాట సంగతి. కాంకర్ అంటారు ఈ తెగుల్ని. కాంకర్‌కీ క్యాన్సర్‌కీ పుట్టిల్లు ఒకటే. లాటిన్‌లో ఆ మాటకు ఎండ్రకాయ అని అర్థం. మధ్యలో గుంట, చుట్టూ కాళ్ళు చాపినట్టు పగుళ్ళు. చెట్టు మీద చూస్తే పోలిక బాగానే కుదురుతుంది. బెరడు ఒకచోట రంగు మారుతుంది, లోపలికి కుంగుతుంది, అంచులు పగులుతాయి. చెట్టు ఊరుకోదు, ఆ గాయం చుట్టూ కొత్త కణజాలం పెంచి గట్టు కడుతుంది. బూజు మళ్ళీ ఆ గట్టు దాటుతుంది, చెట్టు మళ్ళీ ఇంకో గట్టు కడుతుంది. కొన్ని ఆపిల్ చెట్ల మీద ఈ గట్లు వలయాలు వలయాలుగా ఉంటాయి. ఎన్నేళ్ళ యుద్ధమో లెక్కపెట్టుకోవచ్చు. ఆకులో తయారైన ఆహారం వేరుకి దిగేది బెరడు లోపలి పొరలోంచే కాబట్టి, పుండు కొమ్మని చుట్టూ చుట్టేసిన రోజున పై కొమ్మ పోయినట్టే.

ఇక్కడే మనం పొరబడేది. కాంకర్ అనేది గాయం పేరు. జ్వరం లాంటి మాట అది. జ్వరం అంటే మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, డెంగీ కావచ్చు. ఒళ్ళు కాలుతోంది అన్నంతవరకే మనకి తెలిసింది. మన దగ్గర నిమ్మ గజ్జిని కూడా ఇంగ్లీషులో కాంకర్ అనే అంటారు. పొదలకూరు నుంచి వచ్చిన రైతులకి ఆ గజ్జి గురించి నేను చెప్పక్కర్లేదు. అది బూజే కాదు, బాక్టీరియా. జాంతోమోనాస్ సిట్రి దాని పేరు. ఆపిల్ కాంకర్లు ఎక్కువ భాగం బూజులవి. పేరు ఒకటి కాబట్టి మందూ ఒకటే అనుకుంటే డబ్బులు నీళ్ళలో పోసినట్టు.

సరే, ఆపిల్ మీద ఎవరెవరు ఉన్నారో చూద్దాం.

చలీ వానా కలిసి ఉండే దేశాల్లో, అంటే ఐరోపా, న్యూజిలాండ్, చిలీ లాంటి చోట్ల, పెద్ద శత్రువు నియోనెక్ట్రియా డిటిస్సిమా. మేం చదువుకునేటప్పుడు పుస్తకంలో నెక్ట్రియా గాలిజెనా అని ఉండేది. దీని తెలివి చూడండి. ఆకురాలు కాలంలో ఆపిల్ చెట్టు ఆకులన్నీ రాల్చేస్తుంది. ఆకు ఊడిన ప్రతి చోటా ఒక చిన్న మచ్చ, పచ్చి గాయం. అప్పుడే వాన పడితే బూజు బీజాలు, అంటే దాని విత్తనాల్లాంటి సన్నటి రేణువులు, ఆ మచ్చల్లోంచి లోపలికి పోతాయి. అంటే చెట్టు తన ధర్మం ప్రకారం ఆకు రాల్చడమే దానికి తలుపు తీసినట్టు. తరవాత పుండు మీద చిన్న చిన్న ఎర్రటి గుళ్ళు వస్తాయి, కుంకుమ రాల్చినట్టు. నర్సరీ మొక్కలో చేరితే మూడేళ్ళ వరకు కూడా బయటపడకుండా ఉండగలదు. రైతు మంచి మొక్క అని కొని నాటుకుంటాడు, కాపుకొచ్చే వేళకి కొమ్మ విరుగుతుంది.

ఆస్ట్రేలియాలో టాస్మేనియా దీవిలో స్ప్రేటన్ అనే చోట 1954లో దీన్ని కనిపెట్టారు. చెట్టు చెట్టూ వెతికి, నరికి, కాల్చి, 1991 నాటికి పూర్తిగా తుడిచేశారు. ముప్పై ఏడేళ్ళు! ఒక తరం ఉద్యోగులు చేరి రిటైరయ్యారన్నమాట. ఆ తరవాత న్యూజిలాండ్ ఆపిల్ పండ్లు తమ దేశంలోకి రానిచ్చేది లేదని ఆస్ట్రేలియా పట్టుపడితే, తగువు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళింది. అందులో ఈ కాంకర్ కూడా ఒక అంశం. 2010లో తీర్పు న్యూజిలాండ్ వైపు వచ్చింది. ఏ బూజు ఎక్కడ ఉంది, ఎలా పాకుతుంది అనేది దేశాల మధ్య వ్యాపారం దాకా పోయే విషయం.

చైనా, జపాన్, కొరియాల్లో కథ వేరు. అక్కడ వాల్సా మాలి. జపాన్‌లో 1903లో దీన్ని మొదట గుర్తించారు. ఇది ఆకుమచ్చ కోసం ఎదురుచూడదు. కత్తిరింపు గాయం, మంచు దెబ్బ, వడగళ్ళ దెబ్బ, ఏది దొరికితే అది. ఎక్కువ కాపు కాసి నీరసించిన చెట్టంటే దానికి మరీ ఇష్టం. పుండు పడిన బెరడు మెత్తబడి, గోరుతో గిల్లితే ఊడివస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. వాన వెలిశాక పుండు మీది నల్ల చుక్కల్లోంచి నారింజ రంగు తీగలు మెలికలు తిరిగి బయటికి వస్తాయి, సన్న సేమియా లాగా. ఆ తీగంతా బీజాలే. తరవాతి వాన చినుకు వాటిని కరిగించి పక్క కొమ్మకి మోస్తుంది.

దీని విషం సంగతి వినండి. ఆపిల్ బెరడులో ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఈ బూజు ఆ ఫ్లోరిజిన్‌నే విరగ్గొట్టి, ఆ ముక్కలతో చెట్టు కణాల్ని చంపుతుంది. మన ఇంటి కత్తితోనే మన గొంతు కోసినట్టు. ఇంతకీ ఈ ఫ్లోరిజిన్‌ని 1835లో ఐరోపాలో ఆపిల్ చెట్టు బెరడులోంచే తీశారు. మీలో షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకునేవాళ్ళు ఉంటే, ఆ మందుకి మూలపురుషుడు ఈ పదార్థమే. ఇక్కడ చేతులు ఎత్తక్కర్లేదులెండి.

వాల్సాతో ఇంకో చిక్కు, అది బెరడు దాటి లోపలి చెక్కలోకీ పోతుంది. పైన పుండు గీకి మందు పూస్తే మానినట్టే కనబడి, మరుసటి ఏడు అక్కడే మళ్ళీ లేస్తుంది. పొటాష్ సరిపోయినంత ఉన్న చెట్ల మీద దీని జోరు తక్కువని చైనాలో తేల్చారు. మందు కొట్టే ముందు చెట్టుకి తిండి సరిగ్గా పెట్టావా అని అడగాలన్నమాట.

వీళ్ళిద్దరూ కాక ఇంకా ఉన్నారు. ఆకులు వెండి పూసినట్టు మెరిసి కొమ్మ చచ్చేది కాండ్రోస్టీరియం అనే బూజు వల్ల. గులాబీ రంగు పూత పూసినట్టు కనబడేది ఇంకోటి, అది నిమ్మ జాతి చెట్ల మీదా రబ్బరు చెట్ల మీదా కూడా వస్తుంది. ఈ రెండూ పుట్టగొడుగుల వంశం. నియోనెక్ట్రియా, వాల్సా ఈస్టు వైపు వంశం. ఈ రెండు వంశాలూ ఎప్పుడో విడిపోయాయి. కోడికీ కప్పకీ ఎంత దూరమో వీటి మధ్య అంతకంటే ఎక్కువ దూరం. అయినా చెట్టు మీద అన్నీ చూపించేది ఒకటే: ఎండిన కొమ్మ, పగిలిన బెరడు.

ఇప్పుడు మన చుట్టాల దగ్గరకొస్తాను. బోట్రియోస్ఫేరియేసీ అని ఒక కుటుంబం. పేరు నోరు తిరగకపోతే వదిలేయండి, మేనమామ కుటుంబం అనుకోండి. ఆపిల్ మీద బోట్రియోస్ఫేరియా డోథిడియా ఉంటుంది, డిప్లోడియా సీరియాటా ఉంటుంది, డిప్లోడియా బల్గారికా ఉంటుంది. చివరిదానికి 2012లో బల్గేరియాలో ఆపిల్ జాతి చెట్టు మీద దొరికిందని ఆ పేరు పెట్టారు. 2020లో మన కాశ్మీర్ ఆపిల్ కాంకర్‌లో కూడా అదే ఉందని తేలింది. అది అప్పుడే కాశ్మీర్ వచ్చిందా, ఎప్పటినుంచో అక్కడే ఉండి మన కంటికి వేరే పేరుతో కనబడిందా? నన్నడిగితే రెండోదానికే మొగ్గు చూపుతాను. మైక్రోస్కోపు కింద ఈ డిప్లోడియాలన్నీ కవల పిల్లలే.

అందుకే పేర్లు మారుతుంటాయి. రైతులకి దీని మీద కోపం. "నిన్న ఒక పేరు చెప్పారు, ఇవాళ ఇంకోటి చెప్తున్నారు, అసలు మీకు తెలుసా?" అంటారు. నేను వాళ్ళకి మన ఊరి సంగతే చెప్పేవాణ్ణి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు అందులోకి పోయింది, రెండేళ్ళకి దానికి ప్రకాశం అని పేరొచ్చింది. 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. మా నాన్న పుట్టిన జిల్లా వేరు, నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న జిల్లా వేరు, 2022 తరవాత నా ఆధార్ కార్డు మీద మళ్ళీ మా నాన్న పుట్టిన జిల్లాయే. ఇల్లు మాత్రం అక్కడే ఉంది, బావీ అక్కడే ఉంది. బూజుల సంగతీ ఇంతే. పైగా వాటికి 2011 దాకా రెండేసి పేర్లు ఉండేవి, జత కట్టి బీజాలు పెట్టే దశకి ఒక పేరు, జత కట్టకుండా పెట్టే దశకి ఒక పేరు. ఆ ఏడు మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభలో, ఒక బూజుకి ఒకటే పేరు అని తీర్మానించారు. ఆ దెబ్బకి వాల్సాలన్నీ సైటోస్పోరాలు అవుతున్నాయి. నా నాలిక మీద ఇంకా పాత పేరే ఉంది, క్షమించండి.

మేనమామ కుటుంబంలో మన మామిడి మీద ఉండేది లాసియోడిప్లోడియా థియోబ్రోమే. కొమ్మ చివరనుంచి ఎండుకుంటూ వస్తుంది, బెరడు పగిలి జిగురు కారుతుంది, ఎండిన కొమ్మని అడ్డంగా కోస్తే లోపల గోధుమ రంగు చార. మీరు ఎండు తెగులు అనేది చాలాసార్లు ఇదే. అదే బూజు కాయ తొడిమలో దాక్కుంటుంది. కోసినప్పుడు కాయ అద్దంలా ఉంటుంది, లారీ ఎక్కి మూడో రాష్ట్రం చేరాక తొడిమ దగ్గర నల్లబడి కుళ్ళుతుంది. బేరగాడు మీకు ఫోన్ చేసి తిడతాడు. మీరు కోసినవాణ్ణి తిడతారు.

ఈ కుటుంబం లక్షణమే అది. ఆరోగ్యంగా ఉన్న కొమ్మలో కూడా ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది, అద్దెకున్న మంచివాడిలాగా. చెట్టు నీళ్ళకి ఇబ్బంది పడిన రోజున, బెరడు ఎండకి కాలిన రోజున, గాయమైన రోజున లేస్తుంది. ఆపిల్‌లోనూ అంతే, మామిడిలోనూ అంతే. కనిగిరి వైపు వరసగా వానలు లేని ఏళ్ళ తరవాత కొమ్మలు ఎండితే, "కొత్త రోగం వచ్చింది" అంటారు. చాలాసార్లు పాతవాడే, ఇప్పుడు లేచాడు. సిమ్లా కొండల్లో నైరుతి వైపు చూసే కొమ్మలకి మధ్యాహ్నపు ఎండ తగిలి బెరడు కాలి, పుండు అక్కడ మొదలవడం నేను ఎన్నో తోటల్లో చూశాను. అక్కడివాళ్ళు మానుకి సున్నం పూస్తారు. మనవాళ్ళు పూసేది అందానికనుకుంటాం గానీ, ఆ తెలుపు ఎండని కొంత తిప్పికొడుతుంది.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. సభలో చెప్పుకోవలసిన సంగతి కాదు గానీ, నేర్చుకున్నది దాంట్లోనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సిమ్లా కొండల్లో కోట్‌గఢ్ వైపు ఒక తోటకి వెళ్ళాను. 1916లో శ్యామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా ఆయన, తరవాత సత్యానంద్ స్టోక్స్ అయ్యాడు, డెలీషియస్ ఆపిల్ తెచ్చి నాటింది ఆ కొండల్లోనే. తోటాయన పెద్దవాడు, నాకు టీ ఇచ్చి చెట్టు చూపించాడు. నేను దూరం నుంచే చూసి ఫలానా కాంకర్ అని చెప్పేశాను, పూతమందు రాసిచ్చాను. మరుసటి ఏడు వెళితే ఆయన ఏమీ అనలేదు. టీ ఇచ్చాడు. తరవాత నన్ను తీసుకెళ్ళి ఆ చెట్టు నరికిన మొద్దు చూపించాడు. పక్క చెట్టుకీ వచ్చింది. అప్పుడు ముక్కలు తీసుకెళ్ళి ల్యాబులో అగర్ అనే జెల్లీ మీద పెంచితే, రెండు చెట్లలోంచి మూడు రకాల బూజులు వచ్చాయి. నేను చెప్పింది అందులో లేనే లేదు. మూడింట్లో అసలు దోషి ఎవరు అనేది మళ్ళీ వేరే పని. ఆరోగ్యమైన కొమ్మకి ఒక్కోదాన్నీ విడిగా ఎక్కించి, అదే పుండు పుడుతుందా, ఆ పుండులోంచి అదే బూజు మళ్ళీ వస్తుందా అని చూడాలి. రాబర్ట్ కోక్ క్షయ మీద పనిచేస్తూ పెట్టిన నియమం అది, చెట్లకీ అదే వాడతాం. నెలలు పట్టింది. పెద్దాయన అన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

ఇప్పుడైతే డీఎన్ఏ చూస్తారు. ఐటీఎస్ అనే ముక్కని 2012లో బూజులకి గుర్తింపు కార్డుగా ఒప్పుకున్నారు. మన మేనమామ కుటుంబానికి అది ఒక్కటీ చాలదు, ఇంకో రెండు జన్యువులైనా చూడాలి. అలా చూడబట్టే, లాసియోడిప్లోడియా థియోబ్రోమే అనుకున్నదాంట్లో చాలా జాతులు కలిసి ఉన్నాయని బయటపడింది. 2008లో ఒకదాన్ని విడదీసి సూడోథియోబ్రోమే అన్నారు, అంటే దొంగ థియోబ్రోమే. అదీ మామిడి మీద ఉంటుంది.

ఆ వెనక అన్న ఏదో అడుగుతున్నారు... ఆఁ. "ఇన్ని పేర్లు మాకెందుకు సార్, కొట్లో అడిగితే బ్లైటాక్సూ స్ట్రెప్టోసైక్లినూ కలిపి ఇస్తాడు, అది కొడితే పోదా" అంటున్నారు. మంచి ప్రశ్న, దీనికోసమే ఇంతసేపూ తిప్పాను.

మూడు చెట్లు అనుకోండి. ఒకటి నిమ్మ, ఆకుల మీదా కాయల మీదా గరుకు గజ్జి. అది బాక్టీరియా. స్ట్రెప్టోసైక్లిన్ యాంటీబయోటిక్ కాబట్టి దాని మీద పనిచేస్తుంది, బ్లైటాక్స్ రాగి మందు, అది తోడుంటుంది. ఆకుముడత పురుగు తొలిచిన సొరంగాల్లోంచి అది లోపలికి పోతుంది కాబట్టి పురుగుని పట్టించుకోకపోతే రెండూ దండగే. రెండోది బత్తాయి, మొదలు దగ్గర మాను పగిలి బంక కారుతోంది. అది ఫైటోఫ్తోరా. చూడ్డానికి బూజులా ఉంటుంది గానీ బూజు కాదు, నాచు వైపు చుట్టం. దానికి మెటలాక్సిల్ లాంటివి పడతాయి, కార్బెండజిమ్ ఎన్ని సార్లు పోసినా కదలదు. మూడోది మామిడి, జిగురు, ఎండు కొమ్మ. అది లాసియోడిప్లోడియా అయితే కార్బెండజిమ్ పనిచేస్తుంది, మెటలాక్సిల్ చెయ్యదు, యాంటీబయోటిక్ అసలే చెయ్యదు. బత్తాయిలోనూ మామిడిలోనూ కారేది జిగురే. రెండింటి మందూ తారుమారు చేస్తే మీ డబ్బు పోతుంది, చెట్టుకి ఒక సీజన్ పోతుంది. కొట్టువాణ్ణి నేను తప్పు పట్టను, అతను చెట్టు చూడలేదు. మీరు ఫోన్‌లో ఫోటో చూపించారు, అంతే కదా?

రకాల విషయంలోనూ ఇదే. బాలాజీ అనే నిమ్మ రకం గజ్జిని తట్టుకుంటుందని మనవాళ్ళు నాటుకున్నారు, మంచిదే. తట్టుకునేది ఆ బాక్టీరియానే. దానికి బంక తెగులు వస్తే "రకం మోసం చేసింది" అనకండి.

మందుల మాట వచ్చింది కాబట్టి, ఒక పాత మందు. ఉత్తరాఖండ్‌లో రాణీఖేత్ దగ్గర చౌబట్టియా పండ్ల పరిశోధన కేంద్రంలో 1942లో సింగ్ అనే శాస్త్రవేత్త ఆపిల్, పియర్ చెట్ల కత్తిరింపు గాయాలకి ఒక లేపనం చేశాడు. కాపర్ కార్బొనేట్ 800 గ్రాములు, ఎర్ర సీసం 800 గ్రాములు, లీటరు అవిసె నూనె. చౌబట్టియా పేస్ట్ అంటారు. వానకి కొట్టుకుపోదు, అదే దాని గొప్ప. సీసం విషం కాబట్టి ఇప్పుడు మిమ్మల్ని చేసుకోమని చెప్పను. మనకి బోర్డో పేస్ట్ చాలు. కిలో మైలతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. రెండూ వేరువేరుగా కరిగించి కలపాలి, ఇనప బకెట్‌లో వద్దు. కలిపాక శుభ్రమైన ఇనప కత్తి ముంచి తీయండి. కత్తి మీద ఎర్రగా రాగి అంటుకుంటే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపండి. ఎండు కొమ్మని పచ్చి భాగం కొంత కలిపి కోసి, అదే రోజు పూయండి. వాన పడే రోజుల్లో కత్తిరింపు పెట్టుకోకండి. చెట్టుకీ చెట్టుకీ మధ్య కత్తెర స్పిరిట్‌తో తుడవండి. కోసిన కొమ్మలు గట్టు మీద పడేస్తే బీజాలు అక్కడినుంచే వస్తాయి, కాల్చేయండి.

ఏ తెగులో తేల్చుకోవాలంటే ముక్క పంపాలి. దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, నెల్లూరులో ఉంది, నిమ్మకైతే పెట్లూరులో పరిశోధన కేంద్రం ఉంది. ముక్క ఎక్కడ కోయాలో చాలామందికి తెలియదు. బాగా ఎండిపోయిన మధ్యభాగం తెస్తారు. అక్కడ అసలు దొంగ ఎప్పుడో వెళ్ళిపోయాడు, చచ్చిన చెక్క తినే వేరే బూజులు చేరి ఉంటాయి. పచ్చి, ఎండు కలిసే అంచు కావాలి, సగం పచ్చి సగం గోధుమ రంగు ఉన్న ముక్క. కాగితంలో చుట్టండి. ఏ చెట్టు, ఎన్నేళ్ళది, నీళ్ళు ఎప్పుడు పెట్టారు, ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఇవి ఆ కాగితం మీదే రాయండి.

ముందు వరసలో ఒక పెద్దాయన సంచిలో కొమ్మలు తెచ్చుకున్నారు, వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. ఇలా తెండి పెద్దాయనా... ప్లాస్టిక్ సంచే. లోపల చెమట పట్టి తెల్లబూజు వచ్చేసింది చూడండి, ఇక దీన్ని చూసి నేను ఏం చెప్పినా కోట్‌గఢ్‌లో చెప్పినట్టే అవుతుంది. తోట ఎంత దూరం? కిలోమీటరేనా? అయితే భోజనాలయ్యాక అందరం నడిచి వెళ్దాం. ఎవరి దగ్గరైనా మంచి కత్తెర, కాస్త స్పిరిట్, పాత న్యూస్ పేపరు ఉంటే పట్టుకురండి.